స్టాపు లేని చోట

దసరా వెళ్లిన నాలుగోనాడు
మా తమ్ముడి పాత ఆల్టో అడిగి తెచ్చి
నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు మా ఆయన.
ఇరవై ఆరేళ్లు గుణుపురం–కోరాపుట్ బస్సు తోలిన మనిషి.
రిటైరై ఆరు వారాలు.

పెళ్లయిన కొత్తలో అడిగానొకసారి,
"లక్ష్మీపూర్ ఘాటీలో ఏటుంటాది?"
"సెకండు గేరు" అన్నాడు.
ఆ దారి గురించి ఇన్నేళ్లూ
నాకు తెలిసింది అంతే.

వంశధార వంతెన మీదికి రాగానే రెల్లు.
రెండు గట్లకీ, నడిమి ఇసుక దిబ్బకీ కూడా,
దూది ఏకుతూ ఏకుతూ ఎవరో
అన్నానికి లేచి వెళ్లినట్టు.
"ఆపండి" అన్నాను.
"ఇక్కడ స్టాపు లేదు"
అద్దంలో వెనక్కి చూసి మరీ చెప్పాడు.
వెనక ఎవరున్నారని?
ఒక గొడుగు, ఒక ఫ్లాస్కు,
చెగోడీల డబ్బా.

రాయగడలో ఆపాడు,
బస్సు ఆగే చోటే, బస్సు ఆగినంత సేపే.
"తవిటి బాబూ, బండి చిక్కిపోయిందే!"
టీకొట్టు నిరాకార్ ఒడియాలో నవ్వాడు.
గ్లాసు నా చేతికొచ్చేసరికే
ఈయన వాచీ చూసుకుంటున్నాడు.
నేను కావాలనే
ఊదుకుని ఊదుకుని తాగాను.

నాగావళి మీద వేలాడే వంతెన.
సగం దూరం బాగానే నడిచాడు.
గాలికో, ఎదురొచ్చిన పిల్లల పరుగుకో ఊగేసరికి
ఘాటీలకి బెదరని మనిషి
నా మోచెయ్యి దొరకబుచ్చుకున్నాడు.
అవతలి ఒడ్డు చేరాక, ఎటో చూస్తూ,
"స్టీరింగు నేదు కదా" అన్నాడు.

హాతిపత్థర్ దగ్గర
ఏనుగుల్లా పడుకున్న బండల వీపులు
నది తోముతూనే ఉంది.
ఇంత హోరు ఇన్నేళ్లూ వినపడలేదా అంటే
"ఇంజనుండేది" అన్నాడు.

ఘాటీ మొదలయ్యింది. సెకండు గేరు.
నాకు నవ్వొచ్చింది గానీ ఆయన నవ్వలేదు.
మూడో మలుపులో, రోడ్డు మీంచి చూపు తియ్యకుండా
"ఇక్కడే. ఒకపాలి బ్రేకు పడనేదు.
నలభై మంది జనం.
కొండకేసి రాసి ఆపీసేను.
నీకు సెప్పనేదు."
ఏ ఏడని అడిగాను.
"బుజ్జి పుట్టినేడు."
నాకు గుర్తుంది ఆ రాత్రి.
పిల్లకి జ్వరం, ఈయన ఆలస్యం.
పళ్లెం ముందు పెడుతూ నేనన్న మాటలన్నీ
వరసలో గుర్తున్నాయి.
ఆయన మారన్నం కూడా అడిగి తిని
గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాతి మలుపులన్నీ
ఏమీ చెప్పకుండానే తిరిగాయి.

కకిరిగుమ్మ ఇవతల
అల్లం గంపతో ఒక ముసలామె చెయ్యెత్తింది.
ఆయన కన్నా ముందు ఆయన కాలు ఆపింది బండిని.
దిగేటప్పుడు ఆమె ఇచ్చిన పది నోటు
పాము పిల్లని చూసినట్టు చూసి
నా ఒళ్లో పడేశాడు.
"డబ్బు నానెప్పుడూ ముట్టనేదు. కండక్టరు పని."
నేను తలుపు మీద రెండు దెబ్బలు కొట్టాను.
"రైట్!"
అప్పుడు నవ్వాడు. పళ్లన్నీ కనబడేలా.

కోరాపుట్ ఇంకా పాతిక మైళ్లుందనగా
వలిసె చేలు.
కొండ అడుగు నుంచి నడుము దాకా పసుపు,
ఆపైన మబ్బు నీడ ఒకటి
దారి మరిచిన మేకలా మెల్లగా పోతోంది.
నేనేమీ అనలేదు. ఒట్టు.
బండి తనంతట తానే పక్కకి దిగింది.
స్టాపు లేదు, గుడిసె లేదు, మైలురాయైనా లేదు.
ఇంజను ఆపాడు.
తేనెటీగల చప్పుడు వినబడింది.
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
కాసేపు జేబుల్లో, కాసేపు బానెట్ మీద,
చివరికి కొత్త కుర్రాడిలా
నన్నే అడిగాడు,
"ఎంతసేపు ఆపాలి?"

"నా టీ అయిపోయేదాకా" అన్నాను.

ఫ్లాస్కు మూతలో టీ
ఎప్పుడో అయిపోయింది.
పొద్దు కొండవెనక్కి జారేదాకా
ఆ ఖాళీ మూతనే
ఊదుకుంటూ కూర్చున్నాను.